ముప్పై మూడో ఆవు

దిద్దిన చోట సంతకం పెట్టాలి. మా మామయ్య పరంధామయ్యకి తెలిసిన ధర్మం మొత్తం ఈ ఒక్క వాక్యంలో ఉంది. పరీక్ష పేపర్లో వేసిన మార్కు కొట్టేసి ఇంకోటి వేస్తే పక్కన పొట్టి సంతకం ఉండాలి. లేకపోతే ఆ మార్కుకి జవాబు చెప్పేవాడు ఉండడు. నరసరావుపేట దగ్గర జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెప్పినంత కాలం ఆయన ఆ రూలు తప్పలేదు. అమెరికాలో శాన్ రామన్ వచ్చాక కూడా తప్పలేదు. గొడవంతా అక్కడే వచ్చింది.

నేను ఆయన మేనల్లుణ్ణి, మానవ్. కంప్యూటర్ సైన్స్ రెండో ఏడాదిలో మానేసి, ఆయన కూతురు రేణు వదిన ఇంట్లో కింద గదిలో ఉంటున్నాను. యాప్‌లో జనం ఆర్డరిచ్చిన భోజనాలు తీసుకెళ్లి వాళ్ల గుమ్మాల ముందు పెట్టి ఫొటో తీస్తాను. అదీ నా ఉద్యోగం. వదిన, ఆమె భర్త రాజీవ్ అన్నయ్య ఇద్దరూ సాఫ్ట్‌వేర్. వాళ్ల కూతురు దియ ఫిఫ్త్ గ్రేడ్. మా అత్తయ్య పోయాక మామయ్యని ఇక్కడికి తెచ్చుకున్నారు. వదిన సిటిజన్ కాబట్టి ఆయనకి గ్రీన్ కార్డ్ అప్లై చేసింది. అది పెండింగ్‌లో ఉంది. ఆ ఇంట్లో ఏ మాట మొదలైనా తిరిగి తిరిగి ఆ పెండింగ్ దగ్గరికే వస్తుంది.

మామయ్య జేబులో ఎప్పుడూ ఒక పెన్సిలు ఉండేది, వెనక రబ్బరున్నది. కనబడిన ప్రతిదానికీ మార్కులు వేసేవాడు. ఇక్కడి రోడ్లకి తొంభై. ఇక్కడి టమాటాలకి పన్నెండు. నేను చేసిన ఉప్మాకి నలభై, అది కూడా జాలితో. "మరి నాకెంత మామయ్యా?" అని ఒకసారి అడిగాను. "నువ్వసలు పేపరే ఇవ్వలేదు కదరా, దేన్ని దిద్దను?" అన్నాడు. నవ్వాను గానీ కాలింది.

అందరికీ అన్ని మార్కులూ వేసేవాడు, ముప్పై మూడు, ముప్పై నాలుగు మాత్రం వేసేవాడు కాదు. దానికో కథ ఉంది. దియకి అన్నం తినిపించేటప్పుడు చెప్పీ చెప్పీ మా అందరికీ నోటికొచ్చేసింది.

ఉద్యోగంలో చేరిన కొత్తలో తొమ్మిదో తరగతిలో వీరాంజనేయులు అనే కుర్రాడికి ముప్పై మూడు వచ్చాయి. పాస్ మార్కు ముప్పై ఐదు. హెడ్మాస్టరు పిలిచి, రెండు మార్కులే కదయ్యా, కలిపెయ్ అన్నాడు. మామయ్య కలపలేదు. లెక్క లెక్కే అన్నాడు. సెలవుల తర్వాత కుర్రాడు బడికి రాలేదు, లారీ మీద క్లీనరుగా పోయాడు. చాలా ఏళ్ల తర్వాత చిలకలూరిపేట రోడ్డులో బస్సు ఆగిపోయి మామయ్య ఎండలో నిలబడి ఉంటే ఒక లారీ ఆగింది. డ్రైవరు దిగి చెప్పులు విప్పి దణ్ణం పెట్టాడు. వీరాంజనేయులే. క్యాబిన్లో తన పక్కన కూచోబెట్టుకుని స్కూలు గేటు దాకా తెచ్చి దించాడు. దిగేటప్పుడు మామయ్య ఆ మార్కుల సంగతి ఎత్తితే, "మీరు కరెక్టుగానే వేశారండీ మాస్టారూ. ఆ లెక్క నాకు నిజంగానే రాలా. ఏం పర్లేదండీ" అన్నాడట.

"తిట్టినా బాగుండేదిరా," అనేవాడు మామయ్య ప్రతిసారీ చివర్లో. "పర్లేదన్నాడు చూడూ, అది మింగుడుపడలా."

ఆ తర్వాత ఆయన చేతిమీద ఎవరూ రెండు మార్కుల్లో పోలేదు. ప్రతి దిద్దుబాటు పక్కనా సంతకం, తెలుగులో, 'పరం' అని.

మా వీధి చివర లొరెయిన్ అనే ముసలావిడ ఉంటుంది. స్కూల్లో డ్రాయింగ్ టీచరుగా చేసి రిటైరైంది. గరాజ్‌లో కారుకి బదులు బల్లలు వేసి మంగళవారాలు పిల్లలకి బొమ్మలు నేర్పిస్తుంది. దియ పియానో మానేసింది, స్విమ్మింగ్ మానేసింది, అబాకస్ క్లాసు నుంచి ఏడుస్తూ వచ్చేసింది. ఎవరూ చెప్పకుండా తనంతట తను చెప్పులేసుకుని పరిగెత్తేది ఆ గరాజ్‌కి ఒక్కదానికే.

మొన్న వసంతంలో లొరెయిన్ గోడ మీది బొమ్మ ఒకదానికి ఫ్రేమ్ అద్దం పగిలింది. కొత్త ఫ్రేమ్ వచ్చేలోగా ఆ బొమ్మని అట్టల మధ్య పెట్టి, చూసి గీసుకోమని దియకిచ్చింది. ఇలాంటిది పిల్లలకిస్తారా అని మీరనొచ్చు. ఆవిడ ఇచ్చింది. బొమ్మ గోడ మీద ఉంటే ఎవరూ చూడరు, చేతిలో ఉంటే చూస్తారు అని ఆవిడ సిద్ధాంతం. వేలు తగలనీయొద్దు అని మాత్రం చెప్పిందట. దియ తగలనీయలేదు కూడా. డైనింగ్ టేబుల్ మీద అట్ట తెరిచి పెట్టి, గీసుకుని, స్కూలు టైమైతే అలాగే వదిలేసి వెళ్లింది.

మామయ్య కాఫీ గ్లాసుతో వచ్చి చూశాడు.

వానలో ఒక నల్లావు. మందపాటి క్రేయాన్ గీతలు, కాళ్లు నాలుగూ నాలుగు రకాలు, తోక కాగితం అంచు దాకా వెళ్లి ఆగిపోయింది. పిల్లలు గీసినట్టే ఉంది, నేను చూసినా అదే అనుకునేవాణ్ణి. కింద తెల్లటి అంచు మీద పెన్సిల్‌తో మూడు రాతలు. ఎడమ పక్క 33/100. మధ్యలో 'లేట్' అని ఇంగ్లీషులో. కుడిపక్క అర్థంకాని సంతకం.

మీరు చెప్పండి. జీవితమంతా పేపర్లు దిద్దిన మనిషికి అది ఏంటి? మార్కులు, రిమార్కు, టీచరు సంతకం. పిల్ల ఆలస్యంగా ఇచ్చిందని ఆ దొరసాని మార్కులు కోసేసింది. రెండు మార్కుల్లో పిల్ల పోయింది.

జేబులోంచి పెన్సిలు తీశాడు. రబ్బరుతో రెండో మూడుని శుభ్రంగా చెరిపి, ఐదు వేశాడు. పక్కన 'పరం' అని సంతకం పెట్టాడు. కాఫీ తాగేసి గ్లాసు కడిగి బోర్లించాడు.

ఇంకో రెండ్రోజులకి లొరెయిన్ ఆ అట్ట చంకలో పెట్టుకుని మా గుమ్మంలో నిలబడింది. అరవలేదు. అరిస్తే ఇంత భయమెయ్యదు. అందరం హాల్లోనే ఉన్నాం. మామయ్య సోఫాలో పేపరు చదువుతున్నాడు. ఆవిడ అట్ట తెరిచి, వేలు తగలకుండా ఆ మూల చూపించి, "ఎవరు?" అంది.

రేణు వదిన వంగి చూసింది. ఐదు పక్కన తెలుగక్షరాలు. దియ కూడా చూసింది. ఆ 'ప'కి తలకట్టు అంత పొడుగ్గా పెట్టేది ఆ ఇంట్లో ఒక్కరే, దియకి అక్షరాలు నేర్పింది ఆయనే. దియ తలెత్తి తాతవైపు చూడబోతుండగానే వదిన అంది:

"దియా! సే సారీ టు మిస్ లొరెయిన్."

దియ నోరు తెరిచింది, మూసింది. తర్వాత, "సారీ," అంది.

మామయ్యకి వాళ్ల ఇంగ్లీషు సగం అందలేదు. కానీ ఆ 'సారీ' అందింది. పేపరు దించి లేవబోయాడు. రాజీవ్ అన్నయ్య ఆయన భుజం మీద చెయ్యేసి, "మామయ్యగారూ, మీరు కూచోండి," అన్నాడు. ఆయన కూచున్నాడు. అంతే, ఒక్క క్షణం పని. ఆ తర్వాత లేవడం కష్టమైపోయింది.

లొరెయిన్ దియ వైపు చాలాసేపు చూసి, "చెప్పిన మాట నువ్వు వింటావనుకున్నాను. మంగళవారాలు రావొద్దు," అని వెళ్లిపోయింది.

తలుపు పడగానే వంటింట్లో మొదలైంది.

"అమ్మాయ్, నేను చేసిందానికి పిల్ల చేత చెప్పిస్తావా?"

"నాన్నా, మీకర్థం కాదు. అది మామూలు బొమ్మ కాదట. వీళ్లు ప్రతిదానికీ స్యూ చేస్తారు, కోర్టుకి లాగుతారు. మీ గ్రీన్ కార్డ్ పెండింగ్‌లో ఉంది. పోలీస్ రిపోర్ట్ అదీ ఇదీ అయితే?"

"మరి పిల్ల?"

"పిల్ల అంటే వదిలేస్తారు. టెన్ ఇయర్స్ కిడ్‌ని ఎవడు స్యూ చేస్తాడు?"

"వదిలేశారు కదా," అన్నాను నేను. "క్లాసులోంచి."

"నువ్వు మధ్యలో మాట్లాడకు మానవ్! కాలేజీ వదిలేసినంత ఈజీ కాదు ఇది."

నిజమే, కాదు.

మర్నాడు మామయ్య నా గదిలోకొచ్చి మంచం చివర కూచున్నాడు. "ఏరా, అసలు ఆ ముప్పై మూడు ఏంటి? మార్కులు కావా?"

గీసినావిడ పేరు దియకి తెలుసు, అది పట్టుకుని ఫోన్లో వెతికి చెప్పాను. అది లితోగ్రాఫ్. గీసినావిడ ఈడా హోల్మ్‌బర్గ్, పోయిన శతాబ్దం మనిషి, అయోవా రాష్ట్రంలో పాలవాళ్లింట్లో పుట్టింది.

"లితో అంటే? మన క్యాలెండరు బొమ్మలు వేసేవాళ్లు, అదా?"

"అలాంటిదే, కానీ చేత్తో. సున్నపురాయి పలక మీద జిడ్డు క్రేయాన్‌తో గీస్తారు. దాని మీద ఇంకు రాసి కాగితం ఒత్తి తీస్తారు. ఈ ఆవుని వంద తీశారు. ప్రతిదాని మీదా ఆవిడే పెన్సిల్‌తో నంబరేసి సంతకం పెట్టింది. వంద అయ్యాక రాయి అరగదీసేశారు. ఇంక ఆ ఆవు మళ్లీ రాదు. ఇది వందలో ముప్పై మూడోది."

"ముప్పై మూడోదా." ఆయన మెల్లగా అన్నాడు. "మరి లేటు?"

"బొమ్మ పేరు. ఆవు ఇంటికి లేటుగా వస్తోంది."

"ఆవా లేటు?"

నాకు నవ్వొచ్చింది. ఆయనకి రాలేదు.

"అయితే ముప్పై ఐదోది ఇంకెక్కడో ఉంటుంది కదరా."

"ఉంటుంది."

"అంటే ఇప్పుడు ముప్పై ఐదులు రెండున్నాయి. ముప్పై మూడు లేదు. ఒక హాల్ టికెట్ మీద ఇద్దర్ని కూచోబెట్టాను, ఒకడికి నంబరే లేకుండా చేశాను." అరచేతులు మోకాళ్ల మీద రుద్దుకున్నాడు. "ఆవిడ వేసిన అంకెని ఆవిడే లేనప్పుడు నేను చెరిపాను."

తర్వాత ఆయన జేబులో పెన్సిలు కనబడలేదు. దేనికీ మార్కులు వెయ్యడం మానేశాడు. కావాలని ఉప్పెక్కువ వేసి పప్పు పెట్టాను, తిట్టించుకుందామని. మొత్తం తినేశాడు. మంగళవారం వచ్చింది. దియ స్కూల్నుంచొచ్చి చెప్పులేసుకుంది, గుర్తొచ్చి విప్పేసింది. ఆయన కిటికీలోంచి చూస్తూనే ఉన్నాడు. వదిన కోడింగ్ క్లాసులో చేర్పిస్తానంటే దియ ఓకే అంది. ఆ పిల్ల అన్నిటికీ ఓకే అనడం మొదలెట్టింది, అదే నాకు నచ్చలేదు. వదిన మాత్రం రాక్షసా? కాదు. కోడింగ్ క్లాసు బ్రోషరు చేతిలో పట్టుకుని గరాజ్‌లో కారులో కూచుని ఏడుస్తుంటే చూశాను. కానీ మాట వెనక్కి తీసుకోవడం మా ఇళ్లల్లో ఎవరికీ రాదు.

నేనూ ఏం చెయ్యలేదు. వీధి చివరికి నడిచి వెళ్లి చెప్పడానికి నాకేం అడ్డం? అద్దె ఇవ్వకుండా ఉంటున్న గది అడ్డం. అదే నిజం.

రెండో మంగళవారం సాయంత్రం మామయ్య దియకి పెరుగన్నం కలిపి పెడుతున్నాడు. అన్నాడు, "తల్లీ, నావల్ల నీకు..."

"ఇట్స్ ఓకే తాతా. నేను కిడ్ కదా. నాకు ఏమీ అవదు."

ఆయన చెయ్యి గిన్నెలో ఆగిపోయింది. దియ ఇంకో ముద్ద మింగి అడిగింది, "తాతా, ఆ లారీ బాయ్ నేమ్ ఏంటి?"

"వీరాంజనేయులు."

"హి ఆల్సో సెడ్ ఇట్స్ ఓకే, కదా?"

పిల్ల కావాలని అనలేదు. దానికి ఆ కథ ఇష్టం, అంతే. మామయ్య లేచి చెయ్యి కడుక్కున్నాడు. ట్యాప్ ఆపడం మర్చిపోయాడు. నేను వెళ్లి ఆపాను.

మర్నాడు పొద్దున వదినా అన్నయ్యా ఆఫీస్‌కి వెళ్లగానే ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని టక్ చేసుకుని నా గది తలుపు కొట్టాడు. స్కూల్ ఇన్‌స్పెక్షన్ రోజు వేషం అది.

"పద. నువ్వు తర్జుమా చెయ్యొద్దు. నాకు మాట ఆగిపోతే అందివ్వు, చాలు."

"వదినకి చెప్పారా?"

"చెప్తే వెళ్లనిస్తుందా?"

"గ్రీన్ కార్డ్ మామయ్యా..."

"రాకపోతే నరసరావుపేట వెళ్తాను. అక్కడ నన్నెవరూ కార్డడగరు."

లొరెయిన్ గరాజ్‌లోనే ఉంది, కుంచెలు కడుగుతోంది. ఆవుకి కొత్త ఫ్రేమ్ వచ్చేసింది, గోడకి తగిలించే ఉంది. అద్దం వెనక 35/100, పక్కన మా మామయ్య సంతకం. ఆయన దాని ముందు నిలబడి, బోర్డు ముందు నిలబడ్డట్టు, తన బడి ఇంగ్లీషులో ఒక్కో ముక్కా పేర్చాడు. మేడమ్, ఇది నేను చేశాను. నా మనవరాలు చెయ్యలేదు. మా దేశంలో ముప్పై ఐదు పాస్ మార్కు. నేను పరీక్షాధికారిని. పిల్ల ఫెయిలయిందనుకున్నాను. క్షమించమని అడగను, చెప్పడానికొచ్చాను.

ఆవిడ కుంచె పక్కనపెట్టి చెయ్యి తుడుచుకుంది. ఎక్కడా తొందర లేదు.

"ఈ గీత ఏంటి?" అని 'పరం' చూపించింది.

"నా పేరు. మార్చినవాడు సంతకం పెట్టాలి. రూలు."

"అంటే నువ్వు దాచలేదు."

"లేదు మేడమ్."

"మార్చినప్పుడు సంతకం పెట్టినవాడివి, నేను మీ ఇంటికొచ్చి అడిగినప్పుడు ఎందుకు కూచున్నావు?"

ఇది ఆయనకి పూర్తిగా అర్థమైంది. నేనేమీ అందివ్వలేదు. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు.

"భయం, మేడమ్," అన్నాడు.

లొరెయిన్ స్టూలు మీద కూచుంది. ఈడా హోల్మ్‌బర్గ్ తనకి టీచరట. ఆ రాయి అరగదీసిన రోజు తనూ పక్కనే ఉందట. ఈడా సొంతూళ్లో ఒక చిన్న గ్యాలరీ ఈ బొమ్మ అడిగితే తను ఇస్తానని మాటిచ్చిందట. నంబరు మారిన కాగితం మాకొద్దని వాళ్లు రాశారట. "మళ్లీ మూడు వెయ్యమంటారా?" అని నేను తెలివితక్కువగా అడిగాను. "వెయ్యాల్సిన చెయ్యి లేదు," అంది. తర్వాత మామయ్య వైపు చూసి, "కాగితం సంగతి నాది. పిల్లలకిచ్చింది నేనే. కానీ ఒక పిల్లని ఇన్నాళ్లు దొంగలా చూశాను. అది నాచేత నువ్వు చేయించావు. దాన్ని మంగళవారం పంపు. నువ్వు మాత్రం కొన్నాళ్లు రాకు," అంది.

"ఎస్ మేడమ్," అన్నాడు. బయటికొచ్చి రోడ్డు దాటాం. దాటాక, "న్యాయంగానే వేసింది," అన్నాడు.

సాయంత్రం అందరి ముందూ చెప్పేశాడు. వదిన సోఫా అంచున కూచుండిపోయింది. లాయర్‌కి మెయిల్ పెడదామా అన్నాడు అన్నయ్య. సంతోషిస్తుందనుకున్న దియ ఏడ్చింది. మామూలు ఏడుపు కాదు.

"వై డిడ్ యు టెల్ హర్? ఇప్పుడు నేను లైయర్! మిస్ లొరెయిన్‌కి తెలిసిపోయింది నేను లై చెప్పాను అని!"

ఇది మేమెవరం లెక్కలోకి తీసుకోలేదు. ఆయన చేసిన తప్పు కడుక్కోవడానికి వెళ్లి, మేం ఆ పిల్ల చేత ఆడించిన అబద్ధం బయటపెట్టి వచ్చాం. రేణు వదిన లేచి దగ్గరికి తీసుకోబోతే దియ విదిలించుకుంది. "నువ్వే చెప్పమన్నావు," అంది, తెలుగులో, ఒక్క తప్పు లేకుండా. వదిన చేతులు అలాగే ఉండిపోయాయి.

దియ తాతతో మూణ్ణాలుగు రోజులు మాట్లాడలేదు. ఆయన పెరుగన్నం కలిపి గిన్నె బల్ల మీద పెట్టి వెళ్లిపోయేవాడు, అది తినేది.

మంగళవారం వదిన ఆఫీస్‌కి సెలవు పెట్టి తనే దియని నడిపించుకుని వెళ్లింది. గరాజ్‌లోకి వెళ్లి ఏం చెప్పుకుందో నాకు తెలీదు. తిరిగొచ్చేసరికి కళ్లు వాచి ఉన్నాయి. దియ చేతిలో ఒక బొమ్మ ఉంది. అదే ఆవు, దియ ఆవు. వానకి బదులు ఎండ, కాళ్లు నాలుగూ ఇంకా అధ్వానం. కింద అంచు మీద పెన్సిల్‌తో మూడు రాతలు. 33/100. లేట్. దియ సంతకం, తెలుగులో.

తిన్నగా వెళ్లి ఫ్రిజ్ మీద అంటించింది. తాత పాలకోసం రోజూ తెరిచే తలుపు అది. వెక్కిరింపో, రాజీయో నేను అడగలేదు. ఆ ఇంట్లో ఎవరం అడగలేదు.

మామయ్య పొద్దున్నే కాఫీకి వచ్చినప్పుడు నేను డెలివరీకి బూట్లు వేసుకుంటూ చూస్తుంటాను. ఆవు ముందు ఆగుతాడు. చెయ్యి అలవాటుగా జేబు దాకా వెళ్తుంది. అక్కడ ఏమీ ఉండదు. ముప్పై మూడుని కాసేపు చూసి, పాలు తీసుకుని, కాగితం ఊడిపోకుండా తలుపు మెల్లగా వేస్తాడు.

నిన్న అడిగాను, "ఎలా ఉంది మామయ్యా బొమ్మ? ఎన్ని వెయ్యొచ్చు?"

"వేసేసింది కదరా," అన్నాడు.